ఎవరికి జ్వరం?

మా ఫ్లాటులో మొదటిసారి బ్రెడ్డు కాలుతున్న వాసనకు అమ్మ గదిలోంచి బయటికి వచ్చి అడిగిన మాట, "ఎవరికి జ్వరం?"

మా ఇళ్లలో బ్రెడ్డు స్థానం అది. ఒళ్లు కాలిపోతూ, నోరు చేదెక్కి, అన్నం సయించని రోజుల్లో నాన్న సైకిలు మీద వెళ్లి మైనపు కాగితం చుట్టిన బ్రెడ్డు తెచ్చేవారు. వేడి పాలలో చక్కెర కలిపి, ముక్కలు ముంచి అమ్మ పెట్టేది. జ్వరం దిగిన మర్నాడు మిగిలిన ముక్కలు పెరట్లో కాకుల పాలు. ఒంట్లో బాగున్న మనిషి బ్రెడ్డు తినడం అమ్మ లెక్కలో సోమరితనం కిందికి వస్తుంది. 2016లో బ్రెడ్డులో కలిపే పొటాషియం బ్రోమేట్ మీద టీవీలన్నీ హోరెత్తి, చివరికి దాన్ని నిషేధించాక ఆవిడ జ్వరానికి కూడా బ్రెడ్డు మాన్పించింది. ఇడ్లీ ఉండగా ఆ దూది ఎందుకంది.

అలాంటి తల్లికి పుట్టిన నేను, 41వ ఏట, ఉద్యోగమూ సంసారమూ పెట్టుకుని బ్రెడ్డు కాల్చడం మొదలుపెట్టానంటే దాని వెనక ఎకరం ఇరవై సెంట్ల కథ ఉంది.

ఆ పొలం అమ్మది. తెనాలి పక్కన, కాలువ కింద భూమి. పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద తాతయ్య రాసి ఇచ్చాడు. దాని మీద వచ్చే కౌలు పెద్దదేమీ కాదు గానీ, సంక్రాంతి ముందు కౌలు రైతు తెచ్చి దించే బియ్యం బస్తాలను అమ్మ వీధి గుమ్మంలోనే నిలబడి లెక్కపెట్టుకునేది. ఆ ఒక్క రోజూ ఇంటికి యజమాని ఆవిడే. మూడేళ్ల కిందటి సంక్రాంతికి అతను ఉత్త చేతులతో వచ్చాడు. "పొలం అమ్మేశారు కదమ్మగారూ, మీరే సంతకం చేశారట" అన్నాడు.

సంతకం నిజమే. అంతకు ముందు ఏడాది, పాసు పుస్తకంలో పేరు తప్పు పడింది, సరిచేయించాలని చెప్పి నాన్న ఆవిడను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లారు. ఎక్కడ వేలు పెట్టమంటే అక్కడ పెట్టింది, ఎటు చూడమంటే అటు చూసి ఫొటో దిగింది. కళ్లజోడు కూడా తీసుకెళ్లలేదట. డబ్బు దగ్గరి బంధువొకరి వ్యాపారంలోకి పోయింది, వ్యాపారం నష్టాల్లోకి పోయింది. రెండింతలు చేసి తెచ్చి చూపిద్దామని నాన్న అనుకున్నారట. 34 ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు. ఆయన దొంగ కాదని ఆ రోజుల్లో అమ్మ ముందు ఒక్కసారి అన్నాను. మళ్లీ అనలేదు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అమ్మ ఆ మర్యాద పాటించింది. పండుగ రోజులన్నీ వండింది, వడ్డించింది. ముక్కనుమ మర్నాడు అంట్లన్నీ తోమి బోర్లించి, నాలుగు చీరలూ బీపీ మాత్రలూ సంచిలో పెట్టుకుని హైదరాబాద్ రైలెక్కింది. నిజాంపేటలో మా ఇంటి గుమ్మంలో చెప్పులు విడవకముందే చెప్పింది: "ఇక్కడే ఉంటాను. కానీ వంట మాత్రం చెయ్యను. నలభై నాలుగేళ్లు చేశాను."

"సరే అత్తయ్యా" అంది మా ఆవిడ. మేమిద్దరమూ ఉద్యోగస్తులం. అన్నం కుక్కరులో, కూరలు కర్రీ పాయింటులో. అమ్మ ఆ పొట్లాలను విప్పి వాసన చూసి, ఏమీ అనకుండా తినేది. అనకపోవడమే భయంగా ఉండేది.

ఆ తరువాత మా ఇల్లు పోస్టాఫీసు అయిపోయింది. డాలస్ నుంచి అక్క తెల్లవారుజామున ఫోను చేసేది: ఈ వయసులో విడిగా ఉండటమేమిటి, నచ్చజెప్పి పంపించెయ్. మధ్యాహ్నం బాబాయి: అన్నయ్య పరువు బజారున పడింది. రాత్రి మామయ్య: కేసు వేద్దాం, నేను చూసుకుంటాను. అమ్మకు ముందే తెలుసని ఒకరు, తెలియదని ఒకరు, తెలిసీ తెలియనట్టుందని ఇంకొకరు. ఎవరి కథలోనూ తేదీలు కూడా కలిసేవి కావు. ఒకరు చెప్పింది ఇంకొకరికి మోయడం, మోసేటప్పుడు పదును తగ్గించడం నా పని.

లాయరు దగ్గరికీ వెళ్లాం. విడాకులు అక్కర్లేదు, హిందూ వివాహ చట్టంలోని 10వ సెక్షన్ కింద కోర్టు ద్వారా విడిగా ఉండవచ్చు, మనోవర్తి అడగవచ్చు అన్నాడు. పుట్టింటివారు రాసిచ్చిన భూమి మీద సర్వహక్కులూ ఆవిడవే, కానీ సంతకమూ వేలిముద్రా ఫొటో మూడూ ఉన్నాయి, తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. అమ్మ అంతా విని, "నేను ఆయన మీద కోర్టుకు ఎక్కను. ఆయన పక్కన కూర్చోను. ఈ రెండిటికీ కలిపి ఏదైనా సెక్షను ఉందేమో అడుగు" అంది.

నాకు నిద్ర పోయింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, లాయరు అడిగిన పాత దస్తావేజు నకలు కోసం సజ్జ మీది అట్టపెట్టెలు దించుతుంటే ఓటీజీ, అదే కరెంటు ఓవెన్, బయటపడింది. మా పెళ్లికి ఆఫీసువాళ్లు ఇచ్చిన 28 లీటర్ల పెట్టె. రెండుసార్లు కేకు చేశాం, రెండుసార్లూ మధ్యలో పచ్చిగా మిగిలింది, దాంతో సజ్జ ఎక్కింది. దస్తావేజు దొరకలేదు. రాత్రి ఒంటిగంటకు ఆ పెట్టెను తడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను.

ఏ పప్పో కూరో కాకుండా బ్రెడ్డే ఎందుకంటే, పప్పు వండితే పోపు గురించి అమ్మకొక మాట ఉంటుంది, ఉప్పు గురించి నాన్నకొక మాట ఉంటుంది. నాన్నకు ఎప్పుడూ ఉప్పు గురించే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "ఉప్పు కాస్త ఎక్కువైంది", లేకపోతే "కాస్త తగ్గింది". సరిపోయిందని చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. బ్రెడ్డు మీద మాత్రం మా వంశంలో ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు. నేను పాడు చేసినా, బాగా చేసినా పోల్చడానికి ఎవరి చేతి రుచీ లేదు.

పాడు చేయడంలో కొదవ పెట్టలేదు. మొదటిది అసలు పొంగలేదు. అరలో ఎప్పటి నుంచో పడి ఉన్న ఈస్టు వాడాను. మా తొమ్మిదేళ్లవాడు ఆ ముద్దను బాల్కనీలో వికెట్టుగా నిలబెట్టి రెండు ఓవర్లు ఆడాడు. చెక్కు చెదరలేదు. ఈస్టు బతికే ఉందో లేదో ముందే చూసుకోవచ్చని తరువాత తెలిసింది. గోరువెచ్చని నీళ్లలో చిటికెడు చక్కెర, చెంచాడు ఈస్టు వేసి పది నిమిషాలు ఆగితే పైకి నురగ రావాలి. రెండోసారి అది గుర్తుపెట్టుకుని, నీళ్లు మరీ వేడిగా పోశాను. 60 డిగ్రీల వేడి తగిలితే ఈస్టు చచ్చిపోతుంది. మూడోసారి అన్నీ సరిగ్గా చేశాను గానీ అప్పటికి ఏప్రిల్ వచ్చింది. వంటిల్లు 37 డిగ్రీలు ఉన్నప్పుడు, చలిదేశంవాళ్లు రాసిన "గంటన్నర పొంగనివ్వండి" అనే మాట నమ్మితే ఏమవుతుందో చూశాను. గిన్నె అంచు దాటి పొంగింది, సంబరపడ్డాను, ఓవెన్‌లో పెట్టిన పది నిమిషాలకు పెళ్లి మర్నాటి షామియానాలా కూలింది. ఎండాకాలం ఫ్రిజ్ నీళ్లు వాడాలి, ఈస్టు సగానికి తగ్గించాలి, గడియారం వైపు చూడటం మానేసి పిండి వైపు చూడాలి.

ఓటీజీ సంగతీ అంతే. దాని మీట మీద 200 డిగ్రీలని ఉంటే లోపల 170 ఉంటుంది. నాలుగు వందల రూపాయలు పెట్టి లోపల వేలాడదీసే థర్మామీటరు కొన్నాక గానీ మా కేకులు పన్నెండేళ్ల కిందట పచ్చిగా ఎందుకు మిగిలాయో తెలియలేదు. వెనక ఎడమ మూలలో వేడి ఎక్కువ, అందుకే మధ్యలో ఒకసారి రేకు తిప్పి పెట్టాలి. ఇలాంటి గుణాలు ఒక్కో పెట్టెకు ఒక్కో రకంగా ఉంటాయి.

వీటన్నిటికంటే ముఖ్యంగా నేను కొన్నది కాటా. గ్రాము తేడా కూడా చూపించే చిన్న డిజిటల్ కాటా. మైదా 500, నీళ్లు 325, ఉప్పు 10, ఈస్టు 5. నీళ్లు కూడా గ్లాసుతో కాదు, తూచే పోయాలి.

ఇంట్లో ప్రతి సంగతికీ నాలుగు కథలున్న రోజుల్లో కాటా మీద ఒక్కటే అంకె ఉండేది. 10 అంటే 10. అమ్మ చూసినా 10, అక్క చూసినా 10. చెంచా కొసతో కాస్త తీసేస్తే 9. దానికి ఎవరి పక్షమూ లేదు. ఆ నెలల్లో నాకు హాయిగా అనిపించిన క్షణం ఏదని అడిగితే, రొట్టె వాసన అనో, వెన్న రాసుకున్న మొదటి ముక్క అనో చెప్పాలి. కానీ నిజంగా అది కాదు. రాత్రి పదకొండు గంటలకు, అందరూ పడుకున్నాక, నీళ్లు సన్నటి ధారగా పోస్తుంటే ఆ చిన్న తెర మీద అంకె పెరుగుతూ పెరుగుతూ 325 దగ్గర నిలవడం. ఊపిరి అప్పుడు వదిలేవాణ్ని.

పిండి పిసకడం గురించి ఒక మాట. కోపమంతా దాని మీద తీర్చుకోవచ్చని ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చాడు. నాకలా జరగలేదు. కోపంగా పిసికితే పిండి చిరుగుతుంది, మణికట్టు నొప్పి పుడుతుంది, అంతే. మొదటి ఐదు నిమిషాలు అది చెయ్యినీ వదలదు, పీటనూ వదలదు. వేళ్ల సందుల్లో బంకలా సాగుతుంది. ఇక్కడే ఇంకొంచెం మైదా చల్లాలనిపిస్తుంది. చల్లి రెండు రొట్టెలు గట్టిపరుచుకున్నాను. ఓపిక పడితే ఎనిమిదో నిమిషానికి దానంతటదే చెయ్యి వదులుతుంది. అరచేతి మడమతో ముందుకు తోసి, వేళ్లతో వెనక్కి మడిచి, పావు వంతు తిప్పి, మళ్లీ తోయడం. పదో నిమిషం దాటాక నిమ్మకాయంత ముక్క తీసి రెండు చేతుల వేళ్లతో మెల్లగా సాగదీస్తే చిరగకుండా పొరలా పలచబడి, దాని గుండా ట్యూబులైటు మసకగా కనిపించాలి. గోధుమలోని మాంసకృత్తులు నీళ్లు తగిలాక ఒకదానికొకటి అల్లుకుని గ్లూటెన్ అనే వల అవుతాయి. ఈస్టు వదిలే గాలిని బయటికి పోనీయకుండా పట్టి ఉంచేది ఆ వలే. తమాషా ఏమిటంటే, కలిపిన పిండిని ముట్టుకోకుండా అరగంట మూత పెట్టి వదిలేస్తే పిసకడంలో సగం పని అదే చేసుకుంటుంది. దీన్ని బతుకుతో పోల్చి పెద్ద మాటలు చెప్పవచ్చు గానీ చెప్పను. పిండి పిండే.

నాన్నకు ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను చేసేవాణ్ని. అమ్మ వెళ్లిపోయాక ఆయన మెస్సు నుంచి క్యారేజీ తెప్పించుకుంటున్నారు. మా మాటలు రెండే: "క్యారేజీ వచ్చిందా నాన్నా?" "మీ అమ్మ మాత్రలు వేసుకుంటోందా?" తరువాత ఇద్దరమూ ఫోను పట్టుకుని ఊరికే ఉండేవాళ్లం. ఒక ఆదివారం నా చేతుల నిండా పిండి ఉంది, ఫోను గట్టు మీద స్పీకరులో పెట్టాను.

"ఏం చేస్తున్నావురా?"

"బ్రెడ్డు చేస్తున్నాను నాన్నా."

కాసేపు ఏమీ వినిపించలేదు. "ఎవరికి జ్వరం?" అన్నారు.

అమ్మ పక్క గదిలోనే ఉంది. విని ఉంటుంది.

ఎవరికీ లేదని చెప్పి, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి కొలతలు చెప్పాను. బేకరీలవాళ్లు కొలతలన్నీ శాతాల్లో చెప్పుకుంటారని, మైదా 100 శాతం, నీళ్లు 65, ఉప్పు 2, ఈస్టు 1 అని. "ఆగు. మొత్తం 168 అయింది. శాతాలు కలిపితే వంద దాటకూడదు" అన్నారు. మైదాను వందగా పెట్టుకుని మిగతావి దానితో పోలుస్తారు నాన్నా అన్నాను. "అయితే అవి శాతాలు కావురా, నిష్పత్తులు. దానికి శాతమని పేరు పెట్టినవాడెవడో సరైన మాస్టారి దగ్గర చదువుకోలేదు." ఆ గొంతులో నాలుగు నెలల తరువాత మొదటిసారి తరగతి గది వినిపించింది.

అక్కడి నుంచి ప్రతి ఆదివారం ఆయన దగ్గర ఒక లెక్క సిద్ధంగా ఉండేది. 700 గ్రాముల మైదాకు నీళ్లెన్ని, సగం గోధుమ పిండి కలిపితే నీళ్లు ఎంత పెంచాలి. తవుడు ఉన్న పిండి నీళ్లు ఎక్కువ తాగుతుందని చెబితే, ఎంత ఎక్కువో అంకె చెప్పమనేవారు. ఇవన్నీ ఒక పాత డైరీలో రాసుకుంటున్నారని బాబాయి చెప్పాడు. బ్రెడ్డు ముక్క కూడా చూడని మనిషి.

ఒకసారి కాలిన రొట్టెను కూడా తూచమన్నారు. తూచాను. 745.

"ముందు ఎంత పెట్టావు?"

"840."

"మరి 95 గ్రాములు ఏమయ్యాయి?"

"ఆవిరైపోయాయి నాన్నా."

అన్నాక గానీ ఏమన్నానో నాకు తట్టలేదు. అవతల మా ఇంటి గోడగడియారం కొట్టుకోవడం వినిపించింది. "అవును. పోతాయి" అని ఫోను పెట్టేశారు. వెనక్కి తిరిగితే తలుపు దగ్గర అమ్మ. "95 గ్రాములకు లెక్క అడిగారా?" అంది. నవ్వుతూ అన్న మాట కాదు. ఆ తరువాత మూడు ఆదివారాలు నాన్న ఫోను ఎత్తలేదు.

అమ్మ వైపు నుంచి జరిగింది వేరు. ఆఫీసు ఉన్న రోజుల్లో రాత్రి పిండి కలిపి ఫ్రిజ్‌లో పెడితే చలికి ఈస్టు నెమ్మదిస్తుంది, తెల్లారేదాకా మెల్లగా పొంగుతుంది, రుచీ పెరుగుతుంది. అందుకని నా పనంతా అర్ధరాత్రికి మారింది. అమ్మకూ నిద్ర పట్టేది కాదు. నీళ్లకని వచ్చి, స్టూలు లాక్కుని కూర్చునేది. మాట్లాడేది కాదు. ఒక రాత్రి గుండ్రంగా చుట్టి పెట్టిన పిండిని చూస్తూ, "ఇంకా కాలేదు" అంది.

"నీకెలా తెలుసు?"

లేచి, చెయ్యి కడుక్కుని, చూపుడు వేలితో పిండిని అర అంగుళం నొక్కి తీసింది. గుంట చటుక్కున పైకి లేచింది. "చూడు, పచ్చిగా ఎగురుతోంది." ముప్పావుగంట తరువాత మళ్లీ నొక్కింది. ఈసారి గుంట బద్ధకంగా, సగం వరకే లేచింది. "ఇప్పుడు పెట్టు." బేకరీ పుస్తకాలన్నీ చెప్పే పరీక్ష ఇదే. ఆవిడ వాటిలో ఒక్కటీ చదవలేదు. అరిసెల పాకాన్ని నీళ్లలో వేసి వేలితో ఉండ కట్టి చూసే చెయ్యి అది, జనవరిలోనూ మేలోనూ ఇడ్లీ పిండి ఒకేలా పులియదని తెలిసిన చెయ్యి.

"వంట చెయ్యనన్నావు కదా" అన్నాను.

"ఇది వంట కాదులే. చూడటం."

ఒకసారి కొత్త పద్ధతి ప్రయత్నించాను. 25 గ్రాముల మైదాను 125 గ్రాముల నీళ్లలో ముందుగా ఉడికించి, ఆ ముద్దను మిగతా పిండిలో కలిపితే రొట్టె మూడు రోజులు మెత్తగా ఉంటుంది. తాంగ్‌జోంగ్ అంటారని గొప్పగా చెప్పాను. అమ్మ గిన్నెలోకి తొంగి చూసి, "మరుగుతున్న నీళ్లలో పిండి పోసి చేగోడీలకు చేసేది ఇలాగే కదరా. దీనికి చైనా పేరెందుకు?" అంది. ఆ రొట్టె మాత్రం బాగా కుదిరింది. మర్నాడు పొద్దున కాఫీలో ముంచుకుని ఒక ముక్క తింది. జ్వరం లేకుండా.

అయితే ఆవిడకు అంకెలు పట్టవు. పిండిని అరచేత్తో తడిమి "ఇంకా దాహంగా ఉంది, కాస్త నీళ్లు పొయ్యి" అనేది. నాలుగో ఆదివారం ఫోను ఎత్తిన నాన్న 65 దాటితే లెక్క తప్పుతావని హెచ్చరించారు. నేను మధ్యలో నిలబడి ఇద్దరి మాటా సగం సగం విన్నాను. ఆ వారం రొట్టె ఎటూ కాకుండా పోయింది.

అంతా ఊరట అని రాస్తే అబద్ధం. ఆరు నెలల్లో మూడు కిలోలు పెరిగాను. చేతులకు పిండి ఉందనే వంకతో అక్క ఫోన్లు ఎత్తకపోవడం నేను కనిపెట్టిన గొప్ప సదుపాయం, సిగ్గులేకుండా వాడుకున్నాను. "ఆ పిండి దగ్గర నిలబడినంతసేపు నా దగ్గర కూర్చోవడం లేదు" అని మా ఆవిడ ఒక రాత్రి అంటే, అరిచాను. తప్పు నాదే. ఆ వారమంతా ఓటీజీ వెలిగించలేదు. వెలిగించని రాత్రుల్లో ఇద్దరమూ బాల్కనీలో కూర్చుని, నాన్న మీద నాకు ఎంత కోపముందో మొదటిసారి బయటికి చెప్పాను. అది పిండికి చెప్పుకునే సంగతి కాదు.

ఆగస్టులో మా వాడికి నిజంగా జ్వరం వచ్చింది. 102. రెండు రోజులు ఏదీ లోపల ఆగలేదు. మూడో రోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో స్టవ్వు మీద పాలగిన్నె, పక్కన చక్కెర డబ్బా, అమ్మ. ఆవిడ మా స్టవ్వు వెలిగించడం వచ్చిన ఏడు నెలల్లో అదే మొదలు. "మొన్నటి రొట్టె ఏ డబ్బాలో పెట్టావు?" అంది. అంచులు కోసేసి, ముక్కను నాలుగుగా తుంచి, పాలలో నానాక చెంచాతో వాడి నోటికి అందించింది. వాడు మొత్తం తిన్నాడు. గిన్నె కడిగి బోర్లించి తన గదిలోకి వెళ్లింది. మర్నాడు మళ్లీ కర్రీ పాయింటే.

అక్కడి నుంచి రాజీ కుదరడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. మామయ్యా బాబాయీ మూడుసార్లు కూర్చున్నారు. పొలం తిరిగి రాదు. తెనాలి ఇంట్లో సగం అమ్మ పేర రాయాలి, పింఛనులో సగం ప్రతి నెలా ఒకటో తేదీన ఆవిడ ఖాతాలో వేయాలి. ఆవిడ ఎక్కడ ఉండాలన్నది ఆవిడ ఇష్టం. నాన్న దేనికీ అడ్డు చెప్పలేదట.

మార్చిలో అదే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాం. అమ్మ సంచిలోంచి కళ్లజోడు తీసి, పమిట కొంగుతో తుడుచుకుని, దస్తావేజు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. సర్వే నంబరు, గజాలు, హద్దులు: తూర్పున ఎవరి ప్రహరీ, పడమర ఏ బజారు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. దస్తావేజు లేఖరి "అంతా సరిగ్గానే ఉందమ్మా" అని రెండుసార్లు అన్నాడు. ఆవిడ తల ఎత్తలేదు. నాన్న పక్కన చేతులు కట్టుకుని, నేల వైపు చూస్తూ నిలబడ్డారు. నాలుగో పేజీలో ఒకచోట ఆగి, "దక్షిణం హద్దులో ఇంటిపేరు తప్పు పడింది" అంది. నిజంగానే పడింది. దిద్ది మళ్లీ తెచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది.

ముందురోజు రాత్రి కాల్చిన రొట్టె నా సంచిలో ఉంది. అందరమూ ఇంటికి వెళ్లాం. నాన్న తనే స్టవ్వు వెలిగించి టీ పెట్టారు. అల్లం దంచి మరీ వేశారు. ఎప్పుడు నేర్చుకున్నారో. పద్నాలుగు నెలల తరువాత అమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టడం. వంటింటి వైపు వెళ్లకుండా వసారాలో కుర్చీలో కూర్చుంది, అతిథిలా. రొట్టెను తిరగేసి కింద వేలితో కొట్టి చూశారు నాన్న, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు. బాగా కాలితే లోపల గుల్లగా మోగుతుందని ఫోనులో నేను చెప్పిందే. మోగింది. తల ఊపి, ముక్కలు కోసి, ఒకటి టీలో ముంచి నోట్లో పెట్టుకున్నారు. ఆయన నమిలినంతసేపూ ఎవరమూ కదల్లేదు.

"ఉప్పు కాస్త ఎక్కువైంది" అన్నారు.

"పది గ్రాములే నాన్నా. తూచి వేశాను."

ఆయన అల్మరాలోంచి డైరీ తీసి, కళ్లజోడు సవరించుకుని, ఏదో వేసి చూశారు. "అయితే ఈసారి ఎనిమిది వెయ్యి. 1.6 శాతం." తలెత్తి, "అదే, నిష్పత్తి" అని దిద్దుకున్నారు.

అమ్మ లేచి చెప్పులు వేసుకుంది. "రైలుకు టైమవుతోంది పద" అంది. మిగిలిన రొట్టె ఆయనకే ఉంచాం.

రైలు గుంటూరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే కూర్చుంది. నిద్రపోయిందేమో అనుకుని దుప్పటి కప్పబోతే నా వైపు తిరిగింది.

"ఉప్పు నిజంగానే కాస్త ఎక్కువేరా" అంది. "ఏడాది నుంచీ చెబుదామనుకుంటున్నాను."